ఆటలో అరటిపండు

మన తెలుగు పలుకుబళ్ళలో ‘ఆటలో అరటిపండు’ అన్నంత మెత్తని అవమానం మఱొకటి లేదని నా అభిప్రాయం. పెద్దపిల్లలు దాగుడుమూతలో, కుంటాటో ఆడుతుంటారు. నాలుగేళ్ళ చిన్నవాడు తానూ ఆడతానని ఏడుపు లంకించుకొంటాడు. ‘వాణ్ణి కూడా చేర్చుకోండర్రా’ అని తల్లి వంటింట్లోనుంచే తీర్పు చెబుతుంది. పిల్లలు సరేనని, వాడికి వినబడకుండా ‘వీడు అరటిపండు’ అని తమలో తాము ఒప్పందం చేసికొంటారు. ఇక వాణ్ణి ఎవరూ పట్టుకోరు. పట్టుకొన్నా వాడు దొంగ కాడు. వాడు పరుగెత్తుతాడు, కేకలు వేస్తాడు, గెలిచానని గంతులు వేస్తాడు. ఆట మాత్రం వాడి ప్రమేయం లేకుండా సాగిపోతూనే ఉంటుంది. ఆ రహస్యం తెలిసిన రోజుతో వాడి పసితనం సగం తీరిపోతుంది.

అరవై దాటిన తరువాత మనిషి మళ్ళీ అరటిపండు అవుతాడు. ఈసారి రహస్యం మొదటినుంచీ తెలిసే ఉంటుంది, అదొక్కటే తేడా. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి సభకు పిలుస్తారు. శాలువా కప్పుతారు. మొదటి వరుసలో కుర్చీ వేస్తారు. ‘మాస్టారూ, రెండు ముక్కలు’ అంటారు. మూడవ ముక్క మొదలు పెట్టేసరికి నిర్వాహకుడు గడియారం చూస్తాడు. పెండ్లిలో ‘మీరు కూర్చోండి నాన్నగారూ, మేము చూసుకొంటాం’ అంటారు. మనవడు క్యారమ్సులో నన్ను గెలిపిస్తాడు. వాళ్ళ అమ్మ వెనుకనుంచి వాడికి కన్ను గీటటం నాకు కనబడుతూనే ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అంతా గౌరవమే. అయితే ఆ గౌరవంలో నా దెబ్బకు లెక్క లేదు.

నాకు తెలిసిన ఆటలలో ఈ అరటిపండుకు తావివ్వని ఆట ఒక్కటే కనబడింది. అది గోల్ఫు.

‘తెలుగు పండితుడికి గోల్ఫేమిటి?’ అని నవ్వే మిత్రులు నవ్వవచ్చును. మా ప్రాంతపు సంగతి కొంత చెబితే నవ్వు కొంత తగ్గుతుందేమో. మాది సత్యవేడు సీమ. ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాలో భాగం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోగా మేము ఇటు వచ్చాము. చిత్తూరు జిల్లావారమని అరవై ఏళ్ళు చెప్పుకొన్నాక, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లావారమైనాము. ఇళ్ళు కదలకుండానే ఇన్ని ఊళ్ళు మారిన జనం మేము! ఈ సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల మెట్టభూములలోనే 2008లో శ్రీ సిటీ మొదలైంది. ఇసుజు, కోబెల్కో, డైకిన్ వంటి జపాను సంస్థలెన్నో వచ్చాయి. వాటివెంట జపాను ఇంజనీర్లు వచ్చారు. వారి వెంట గోల్ఫు సంచులు వచ్చాయి.

నా దగ్గర పదవ తరగతి వరకు ఛందస్సు నేర్చుకొన్న శిష్యుడొకడు అక్కడి కర్మాగారాలలో ఒకదానిలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. (గణవిభజనలో ఏనాడూ తప్పు చేయలేదు, ఇప్పుడు ఆ నేర్పంతా యంత్రాల లెక్కలకు ధారపోస్తున్నాడు.) పైఅధికారులతో కలిసి ఆడటానికని ఈ ఆట నేర్చుకొన్నాడు. నాలుగేళ్ళ క్రితం, ‘అయ్యవారూ, మీకు నడక అలవాటే గదా, వచ్చి నడవండి చాలు’ అని నన్ను వెంట తీసికొని పోయాడు. నడక కాస్తా చేతిలో కఱ్ఱ పట్టటం దాకా వచ్చింది. వాడు వాడి మానేసిన పాత కఱ్ఱలే నా కఱ్ఱలు. రుసుము వాడిదే. నా పింఛనుతో ఆడే ఆట కాదిది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. గోల్ఫులో ప్రతి ఆటగాడికీ ఒక అంకె ఉంటుంది. దానిని హ్యాండిక్యాప్ అంటారు. 2020 నుంచి దీనికి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. మనం చివరగా ఆడిన ఇరవై ఆటలు తీసికొని, మైదానం ఎంత కఠినమో దానినీ లెక్కకట్టి, అందులో మంచివి ఎనిమిదింటికి సగటు తీస్తారు. అత్యధికం 54. ఎంత చేతకానివాడైనా అంతకు మించి పోడు. ఇందులో నాకు మిక్కిలి నచ్చినది ఆ ‘మంచివి ఎనిమిది’ అన్న మాట. మొత్తం ఇరవైకి సగటు తీయవచ్చును గదా! తీయరు. మనిషిని వాడి మంచి రోజులతో కొలుస్తారు. వాడు చేయగలిగినదేమిటో అదే వాడి కొలత.

నా అంకె 36. మా శిష్యుడిది 14. మేమిద్దరం ఎదురెదురుగా ఆడితే తేడా ఇరవై రెండు. ఉన్నవి పద్దెనిమిది గుంటలు. కాబట్టి ప్రతి గుంటలోనూ నాకు ఒక దెబ్బ మినహాయింపు. మిగిలిన నాలుగూ మైదానంలో అతి కఠినమని ముందే గుర్తించిన నాలుగు గుంటలలో తలా ఒకటి. అంటే ఆ నాలుగింటిలో నేను ఆరు దెబ్బలు కొడితే నాలుగు కొట్టినట్లు లెక్క. ఈ లెక్క ఆటకు ముందే కాగితం మీద ఉంటుంది. దయతో ఇచ్చేది కాదు, దాచి ఇచ్చేది అసలే కాదు. వాడు నాకు ఇవ్వనని అనలేడు. నేను వద్దని పెద్దరికం చూపనూ లేను.

ఆంగ్లంలో ఆ మాట పుట్టుక ముచ్చటైనది. పదిహేడవ శతాబ్దిలో ఇద్దరు తమ వస్తువులు మార్చుకొనేటప్పుడు, తక్కువ వస్తువు గలవాడు పైన ఎంత కలపాలో మధ్యవర్తి నిర్ణయించేవాడట. ఒప్పుకొన్నారో లేదో టోపీలో చేయిపెట్టి తీసి చూపేవారట. అది గుఱ్ఱప్పందేలకు, ఆపైన గోల్ఫుకు వచ్చింది. మన నిఘంటువులు చూస్తే ఈ మాటకు వైకల్యమనీ ప్రతిబంధకమనీ అర్థాలు కనబడతాయి. ఆటగాడికి ఆ మాట అంటగట్టటం అన్యాయం. దీనికి సరియైన మాట మన కిరాణా కొట్టులోనే ఉన్నది. నూనెకు గిన్నె తీసికొని పోతే, కోమటి ముందుగా ఆ ఖాళీ గిన్నెను ఒక తట్టలో పెట్టి, రెండవ తట్టలో రాయో ఇనుపముక్కో వేసి ముల్లు సరిచేసేవాడు. దానిని ‘ధడా కట్టటం’ అనేవాళ్ళం. ఆ తరువాతనే నూనె పోసేవాడు. గిన్నె బరువు తీసివేసి నూనెను మాత్రమే తూచటమన్న మాట. హ్యాండిక్యాప్ చేసే పని అచ్చంగా ఇదే. నా వయస్సు, నా మోకాలు, ఆలస్యంగా నేర్చుకోవటం... ఇవన్నీ గిన్నె. వాటికి ధడా కట్టి, ఈ రోజు నేను ఆడిన ఆటను మాత్రమే తూచుతారు. కొత్త మాటలు పుట్టించటంలో ఆసక్తి గల మిత్రులకు నా ప్రతిపాదన ఇది: హ్యాండిక్యాప్‌ను ‘ధడా’ అందాము. నా ధడా ముప్పై ఆరు. ఎంత హాయిగా ఉన్నది!

మొన్న పుష్యమాసంలో, వానలు వెలిసిన తరువాత ఈ సీజనుకు మొదటి ఆట ఆడాము. మాకు సీజనంటే ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగాక వచ్చే నాలుగు చల్లని వారాలే. శిష్యుడు, నేను, ఇంచుమించు నా వయస్సే ఉన్న ఒక జపాను ఇంజనీరు, బ్యాంకులో పనిచేసి విరమించిన నా మిత్రుడు – నలుగురం. చీకటితోనే బయలుదేరి, తడ దగ్గర పెద్ద రహదారి ఎక్కి, చెన్నపట్టణం చేరాము. సుమారు యాభై అయిదు కిలోమీటర్లు. దారిలో పులికాటు మీదినుంచి వచ్చే గాలి కారు అద్దాలకు తేమ పట్టించింది.

సీజను మొదటి ఆటకు ఒక అందం ఉంటుంది: అందరూ చెడగొడతారు. రెండు నెలలుగా ఎవరూ కఱ్ఱ పట్టలేదు. గడ్డి మోకాలి వైపు చూస్తున్నది. నేల మెత్తగా ఉండి, బంతి పడినచోటనే కూరుకుపోతుంది, దొర్లదు. ఎండాకాలంలో గట్టినేల మీద నా బంతి కొంత దూరం దానంతట అదే దొర్లి నా పరువు కాపాడుతుంది. ఇప్పుడు ఆ సాయం లేదు. ఇలాంటి తడినేలకు ఆటలోనే ఒక వెసులుబాటు ఉన్నది. నిర్వాహకులు ప్రకటిస్తే, గడ్డి కత్తిరించిన దారిలో పడిన బంతిని చేతితో ఎత్తి, బురద తుడిచి, దగ్గరలోనే మళ్ళీ పెట్టుకోవచ్చును. ఆ రోజు ప్రకటించారు. బ్యాంకు మిత్రుడు ప్రతిసారీ బంతిని కళ్ళజోడు తుడిచినంత శ్రద్ధగా తుడిచి, గడ్డిపోచల మీద దీపం పెట్టినట్లు పెట్టేవాడు. జపాను మిత్రుడు ఒక్కసారి కూడా బంతిని తాకలేదు. అడిగితే, పడినచోటనుంచి ఆడటం తనకు సులువన్నాడు. ఎవరి ధర్మం వారిది.

ఆ నాలుగు కఠినమైన గుంటలలో ఒకదాని దగ్గరకు వచ్చేసరికి శిష్యుడూ నేనూ సరిసమానంగా ఉన్నాము. నిపుణుడు నాలుగు దెబ్బలలో ముగించవలసిన గుంట అది. నేను అయిదు దెబ్బలకు గుంటకు మూరెడు దూరంలోకి వచ్చి, ఆరవది నెమ్మదిగా తోశాను. పడింది. వాడికి నాలుగవ దెబ్బతో ముగించే అవకాశం ఉన్నది. తడిగడ్డి మీద బంతి జానెడు ముందు ఆగిపోయింది. అయిదు. నా ఆరు, మినహాయింపు పోను నాలుగు. ఆ గుంట నాది.

మావాడు ముఖం మాడ్చుకొన్నాడు! పైకి ‘బాగా ఆడారు అయ్యవారూ’ అన్నాడు గాని, కఱ్ఱను సంచిలోకి కొంచెం గట్టిగానే దించాడు. తరువాతి గుంటదాకా నాతో మాట్లాడలేదు. మిత్రులారా, విరమణ తరువాత నాకు జరిగిన సన్మానాలన్నింటిలోనూ ఆ అలక గొప్పదని నిస్సంకోచంగా వ్రాస్తున్నాను. శిష్యుని చేతిలో ఓడిపోవటం గురువు కోరుకోవాలని మన పెద్దలన్నారు. ఓడించినందుకు శిష్యునికి నిజంగా కోపం వచ్చేటట్లు ఆడటం గుఱించి వారేమీ చెప్పినట్లు లేదు. శాలువా కప్పినవాడెవడూ నామీద అలగలేదు. అలగటానికి నేను వాడి ఆటలో ఉంటే గదా!

(చివరకు వాడే గెలిచాడు, రెండు గుంటల తేడాతో. ఆ సంగతి వ్రాయకపోతే చదివి ఫోను చేస్తాడు.)

ఇది పరాయివారి తెలివి, మనకు లేదు అనుకోనక్కఱలేదు. మా చిన్నప్పుడు గుడి అరుగు మీద చెక్కిన గీతలపై పులిజూదం ఆడేవాళ్ళం – మూడు పులులకు పదిహేను మేకలు. పులికి దూకి చంపే శక్తి ఉన్నది. మేకకు సంఖ్య ఉన్నది. ఇరువైపులా ఒకే బలం పెట్టకుండానే ఆటను సమం చేసిన బుద్ధి అది. ఈ మాట దారిలో జపాను మిత్రునితో అంటే ఆయన తమ గో ఆట చెప్పాడు. అందులో బలహీనుడు ఆటకు ముందే బల్ల మీద రెండు మొదలు తొమ్మిది రాళ్ళ వరకు పెట్టుకొంటాడట. పెద్దవాడు అవి చూస్తూ, వాటితోనే తలపడి, పూర్తి బలంతో ఆడతాడు. ఆ ‘పూర్తి బలంతో’ అన్నదే కీలకం. అరటిపండుతో ఎవరూ పూర్తి బలంతో ఆడరు.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నా ఆలోచన తరగతి గదికి పోక తప్పదు. మన బడులలో వెనుకబెంచీ పిల్లవాణ్ణి మనం ఏం చేస్తాము? అరటిపండును చేస్తాము. ‘వాడిని అడగకండి సార్, వాడికి రాదు’ అంటారు తోటిపిల్లలు, మనమూ అడగము. సంవత్సరం చివర నాలుగు మార్కులు కలిపి ఒడ్డెక్కిస్తాము. కలిపిన మార్కులకూ ధడాకూ పోలికే లేదు. కలిపిన మార్కు లోటును కప్పుతుంది. ధడా లోటును అంకె వేసి అందఱి ముందూ పెడుతుంది. కలిపిన మార్కు ఇచ్చాక పిల్లవాడితో మనకు పని తీరిపోతుంది. ధడా కట్టాక ఆట మొదలవుతుంది. నా తరగతిలో ఒక పిల్లవాడు అర్ధసంవత్సర పరీక్షలో పన్నెండు తెచ్చుకొని, ప్రీ-ఫైనలులో ముప్పై ఒకటి తెచ్చుకొన్నాడు. ఎనభై రెండునుంచి ఎనభై అయిదుకు పోయినవాడికి ప్రార్థనలో చప్పట్లు కొట్టించారు. ముప్పై అయిదు రానందున వీడు ‘తప్పినవాళ్ళ’ జాబితాలోనే ఉన్నాడు. ఆ ఏడాది ఆ బడిలో అందఱికంటే దూరం నడిచినవాడు వాడే. ఆ దూరం వ్రాయటానికి మార్కుల పుస్తకంలో గడి లేదు. గోల్ఫు కాగితంలో ఉన్నది: ధడా యాభై నుంచి నలభైకి దిగితే, ఇంకా తాను అందఱికంటే వెనుక ఉన్నా, ఆ దిగటాన్ని పద్నాలుగువాడు కూడా లేచి అభినందిస్తాడు. అభినందించి, మఱుసటి ఆటలో పది దెబ్బలు తక్కువ ఇస్తాడు. ఆ రెండవ పనే అసలైన గౌరవం.

అయితే ఈ లెక్క నిలవాలంటే ఎవడి దెబ్బలు వాడు నిజాయితీగా చెప్పాలి. ఎక్కువ ఆటలలో పక్కన తీర్పరి ఉండడు. పొదలో ఎన్ని కొట్టామో మనకూ దేవునికే తెలుసు. తక్కువ చెప్పేవాడిని అందఱూ దొంగ అంటారు. వాడి వలన నష్టం వాడికే, ధడా తగ్గి తరువాత ఓడిపోతాడు. ప్రమాదం రెండవ రకం వాడితో – చేతనై కూడా చేతకానట్లు కాగితాలు ఇచ్చి, ధడా పెంచుకొని, బహుమతి ఉన్న రోజున తన అసలు ఆట తీసేవాడితో. చేతకానితనాన్ని దాచేవారిని బడిలో చాలామందిని చూశాను. చేతనైనదానిని దాచేవారిని సాధారణంగా ఉద్యోగాలలోనే చూస్తాము.

ఇక ‘ధనికుల ఆట’ అన్న ఆక్షేపణ. 1829లో కలకత్తాలో దొరలు క్లబ్బు పెట్టిన నాటినుంచీ ఈ ముద్ర ఉన్నది, చాలావఱకు నిజమే. రాయలసీమవాడు పచ్చగడ్డికి నీళ్ళు పెట్టటం చూసి ఊరకుండలేడు. శుద్ధిచేసిన మురుగునీటితో గడ్డి పెంచే మైదానాలు ఉన్నాయి, అన్నీ ఆ దారి పడితే ఆ మాట సగం తీరుతుంది. నాకు అంతకంటే బాధించేది వేఱొకటి. ఇంత ధర్మసూక్ష్మం తెలిసిన ఆట, బలహీనుడికి అంకె వేసి పక్కన నిలబెట్టే ఆట, తన సంచి మోసేవాడికి మాత్రం అంకె వేయలేదు.

క్యాడీలను చూడండి. బంతి ఎక్కడ పడిందో, గాలి ఎటు ఉన్నదో, గ్రీను మీద గడ్డి ఎటు వాలిందో మనకంటే వారికే తెలుసు. ఆడగలవారు ఎందఱో. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. వృత్తి ఆటగాళ్ళలో దానిని గెలిచిన మొదటి భారతీయుడతడే. 1993లో మళ్ళీ గెలిచాడు. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి సంరక్షించే ఉద్యోగి. కొడుకు అక్కడే చూసి నేర్చుకొని 2016, 2017 సంవత్సరాలలో వరుసగా అదే ఓపెన్ గెలిచాడు. పుట్టుకతో వినికిడి లోపమున్న దీక్షా దాగర్ బధిరుల ఒలింపిక్స్‌లో పతకం తెచ్చి, 2021లో టోక్యోలో అందఱితో కలిసి ఆడింది. వీరిని చూపించి ‘చూశారా, తలుపులు తెరిచే ఉన్నాయి’ అని చెప్పేవారున్నారు. అలీ షేర్ అంతటివాడు కానవసరం లేదు గదా, అంకె ఉండటానికి! నేను ముప్పై ఆరువాణ్ణి. నాకు ఉన్నది.

ఆ రోజు నా సంచి మోసినాయన యాభై దాటినవాడు. గుమ్మిడిపూండి వైపు తెలుగిల్లు; తమిళం కలిసిన తెలుగు మాట్లాడతాడు, మా సత్యవేడులో వినబడే తెలుగే. పదునాలుగవ గుంట దగ్గర ముందువారు కదలటం లేదు. నీడలో నిలబడి, ‘మీ హ్యాండిక్యాప్ ఎంతండీ?’ అని అడిగాను. ఆయన నవ్వాడు. వారానికి ఒకనాడు, గడ్డి పనివాళ్ళు తప్ప మైదానంలో ఎవరూ లేనప్పుడు, తామూ ఆడతామన్నాడు. ఆ ఆటలకు కాగితం వ్రాసేవారు లేరు; వ్రాసినా జమ చేసికొనేవారు లేరు. ‘ఎనభై లోపల కొట్టిన రోజులుండాయి సార్. నాలుగో, అయిదో ఉంటుందేమో. ఎవురు రాసినారు?’ అన్నాడు.

శిష్యుడు విని, తన జేబులోని కాగితం మీద చివరి నాలుగు గుంటలకు ఆయన పేరుతో ఒక వరుస గీశాడు. ఆడటానికి వీలు లేదు, నియమం ఒప్పుకోదు. ఆ వరుస ఖాళీగానే ఉన్నది. క్లబ్బులవారికి నేను కోరేది పెద్దదేమీ కాదు: ఆ వారానికొకనాటి ఆటకు కూడా కాగితాలు తీసికొని, మావి జమ కట్టే పుస్తకంలోనే జమ కట్టండి. ఎనిమిది మంచి ఆటలు చాలు. ఆయనకు అయిదని తేలితే, నాకు ముప్పై ఒక్క దెబ్బలు ఇచ్చి నాతో ఆడమనండి. నేను సిద్ధంగా ఉన్నాను. మోకాలు సహకరిస్తే ఫిబ్రవరిలోపలే.